ఊరి వైన్ ఈత చెట్టు మీదుంది

మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఏ అడ్డరోడ్డు మీద చూసినా 'వైన్స్' అని బోర్డు కనబడుతుంది. లోపల విస్కీ ఉంటుంది, బ్రాందీ ఉంటుంది, బీరు ఉంటుంది. వైన్ అడిగేవాడు మాత్రం ఉండడు. తీపి రసం తనంతట తాను పులిసి తయారయ్యేదే వైన్ అనుకుంటే, ఆ లెక్కకు సరిపోయేది మన ఊళ్లో ఒక్కటే. అది బోర్డు కింద లేదు. చెరువు కట్ట దిగువన ఈత చెట్టు మీద లొట్టిలో ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని పామ్ వైన్ అనే రాసుకున్నారు. మనం కల్లు అంటాం. సర్కారు దాన్ని ఎక్సైజ్ స్టేషన్ కిటికీలోంచే చూస్తుంది.

ఈ మాట ఎందుకు ఎత్తుతున్నానంటే, ద్రాక్ష పెట్టి వైన్ కంపెనీలకు పోసి నాసిక్ రైతుల్లాగా బాగుపడకూడదా అని మన రైతుల్లో కొందరు అడుగుతున్నారు. ఎత్తిపోతల నీళ్లు వస్తాయని ఆశ ఉన్న చోట ఇలాంటి ఆలోచనలు రావడం సహజం. తప్పు పట్టను. అయితే నాసిక్ కథలో సగమే మన దాకా వచ్చింది. మిగతా సగం కూడా వినాలి.

మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చింది. రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసే వైన్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయించింది. వైన్ తయారీని సారా వ్యాపారం కింద కాకుండా వ్యవసాయ ఆధారిత పరిశ్రమ కింద లెక్కగట్టింది. కర్ణాటక 2007లో తన విధానం ప్రకటించింది. అదంతా నిజమే. కానీ 2008 తర్వాత అమ్ముడుపోని వైన్ ట్యాంకుల్లో పేరుకుపోయింది. దేశంలోని పెద్ద వైన్ కంపెనీల్లో ఒకటి అప్పుల్లో మునిగి మూతపడింది. కంపెనీల మాట నమ్మి వైన్ రకాలు పెట్టిన రైతులు డబ్బులు రాక తోటలు పెరికేసుకున్నారు. వైన్ ద్రాక్షకు ఉన్న చిక్కే అది. గింజ చిన్నది, తోలు మందం, పులుపు ఎక్కువ. కంపెనీ కొనకపోతే బజార్లో తినడానికి ఎవరూ కొనరు. చెరుకు రైతుకు ఫ్యాక్టరీతో ఎలాంటి గతి పట్టిందో ఇక్కడా అంతే.

హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష కొత్త పంట కూడా కాదు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష ఈ నగరం పేరు మీదే దేశమంతా పాకింది. పందిళ్లు వేసి, ఏడాదికి రెండుసార్లు కత్తిరింపులు చేసి, బూజు తెగులుకు, బూడిద తెగులుకు మందులు కొట్టి మన రంగారెడ్డి రైతులు దిగుబడిలో పేరు తెచ్చుకున్నారు. ఆ తోటల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ప్లాట్లు. బోర్లు ఎండాయి, చెడగొట్టు వానలకు కాయ పగిలింది, ఎకరం ధర పంట కంటే ఎన్నో రెట్లు పలికింది. నీళ్లు, పెట్టుబడి, మార్కెట్ మూడూ చేతిలో ఉన్న రైతు పెట్టుకుంటే పెట్టుకోనీ. కానీ వైన్ ప్రాంతం అనిపించుకోవాలంటే మనం కొత్తగా ద్రాక్ష తీగ నాటక్కర్లేదు. తాతల నాటి వైన్ ప్రాంతం మనది. దాన్నే చేతులారా చెడగొట్టుకుంటున్నాం.

కల్లు గీయడం ఎంత పనితనమో మనలో చాలామందికి, రోజూ చూస్తూ కూడా, పట్టదు. ద్రాక్ష వైన్ చేసేవాడికి టైం ఉంటుంది. పండు కోసి, తొక్కి, వారాల తరబడి పులియబెట్టి, నెలలూ ఏళ్లూ నిలవ ఉంచుతాడు. తప్పు జరిగితే దిద్దుకునే సందు ఉంటుంది. గీత కార్మికుడికి అంత వ్యవధి ఎక్కడిది? గెల నుంచి చుక్క లొట్టిలో పడ్డ క్షణం నుంచే గాలిలోని, లొట్టిలోని ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దున దించినది తీపి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పులుపు. రేపటికి అదే కల్లు సిర్కా దారి పడుతుంది. లొట్టి ఎంత కడగాలి, ఎంత వదలాలి, ఏ చెట్టు కల్లు ఏ చెట్టు కల్లుతో కలపాలి అనేది అతని నాలుక మీద, ముక్కు మీద ఉంటుంది. ఏ కాగితం మీదా లేదు.

చెట్టును బట్టి గీత మారుతుంది. తాడిలో పోతుతాడు వేరు, పండుతాడు వేరు. గెలలను నొక్కి, కట్టగట్టి, కొసను రోజూ పల్చగా చెక్కుతూ పోవాలి. ఒక్కరోజు మానితే కోసిన ముఖం ఎండి చుక్క ఆగిపోతుంది. పండగైనా పబ్బమైనా ఎక్కాల్సిందే. ఈత చెట్టుకు గెల పనిలేదు. మట్ట కింద మాను లేత భాగాన్ని చెక్కుతారు. కత్తి ఒక్క వేలు లోతు ఎక్కువ దిగిందంటే చెట్టు మొవ్వుకే ముప్పు. కొన్ని రోజులు గీసి కొన్ని రోజులు ఆరబెట్టాలి. ఈ ఏడు ఒక వైపు గీస్తే వచ్చే ఏడు అవతలి వైపు. ముసలి ఈత మాను మీద అటొకటి ఇటొకటి మెట్లలాగా కనబడే గాట్లు లెక్కపెడితే ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో చెప్పొచ్చు. ఇదే ఈత జాతి చెట్టు రసాన్ని బెంగాల్‌లో చలికాలం కాచి నొలెన్ గుడ్ అనే బెల్లం చేస్తారు. కలకత్తాలో ఆ బెల్లం సందేశ్ కోసం జనం ఏడాదంతా ఎదురుచూస్తారు. మన దగ్గర అదే చెట్టును జేసీబీ పెట్టి పెకిలిస్తున్నాం.

మోకు, ముస్తాదు, కత్తి. ఇవే అతని ఫ్యాక్టరీ. తాడి ఎత్తు మనందరికీ తెలుసు. మోకు జారి పడ్డవాళ్లు లేని గౌడ వాడ మన రెండు జిల్లాల్లో ఉందా? చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల పరిహారం అంటారు. అది చేతికి రావడానికి ఎన్నిసార్లు తిరగాలో ఆ ఇంటి ఆడబిడ్డను అడగండి. నడుము విరిగి మంచం పట్టినవాడి సంగతి ఇంకా అధ్వానం. చావలేదు కాబట్టి వార్త కాడు. 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 'కాటమయ్య రక్షణ కవచం' కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. మంచి పని. ఎక్కేవాడు జారినా తాడు పట్టి ఆపుతుంది. అది గీసే ప్రతి మనిషికీ అందాలి, శిక్షణతో సహా అందాలి. ముప్పై ఏళ్లు మోకుతో ఎక్కినవాడి చేతిలో కొత్త సామాను పెట్టి ఫొటో దిగిపోతే అది ఇంట్లో గోడకే వేలాడుతుంది.

ఇక కల్తీ సంగతి. దీన్ని దాటవేసి కల్లు గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఎందరో కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో చేరారు. 2015లో నిజామాబాద్ వైపు దాడులు జరిపి కల్తీ సరఫరా ఆపినప్పుడు ఇంకో ఘోరం చూశాం. మందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డ కూలీలు ఒక్కసారిగా అది ఆగిపోయేసరికి మెడలు వంకర్లు పోయి, ఫిట్స్ వచ్చి, పిచ్చిగా అరుస్తూ ఆస్పత్రుల్లో చేరారు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం. ఈ పేర్లు మందుల షాపులో వినాల్సినవి, కల్లు మండువలో వినాల్సినవి కావు. మన పాలమూరులో వలస పోయి వచ్చిన మనిషి, ఎండలో కలుపు తీసిన ఆడకూలి, సాయంత్రం ఒక సీసా తాగి పడుకుంటే ఆ సీసాలో ఏముందో చెప్పేవాడు లేడు.

కల్తీని పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. ఒక చిన్న లెక్క చాలు. ఒక కల్లు దుకాణానికి గీసే చెట్లు వంద ఉన్నాయనుకుందాం. చెట్టుకు రోజుకు మూడు లీటర్లు వేసుకున్నా మూడు వందల లీటర్లు. ఆ దుకాణంలో రోజుకు మూడు వేల సీసాలు అమ్ముడైతే, సీసాకు 650 మిల్లీలీటర్ల చొప్పున అది 1,950 లీటర్లు. మిగతా 1,650 లీటర్లు ఏ చెట్టు ఇచ్చింది? చెట్ల జాబితా ఎక్సైజ్ వాళ్ల దగ్గరే ఉంది. దుకాణం ముందు గంటసేపు నిలబడితే సీసాలూ లెక్కకు వస్తాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టాలంటే ల్యాబు అక్కర్లేదు. పెట్టరు, ఎందుకంటే పెడితే మామూళ్లు ఆగిపోతాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కల్తీ చేసేది చెట్టెక్కేవాడు కాదు. అతనికి అంత సరుకూ లేదు, అంత పెట్టుబడీ లేదు. పేరుకు సొసైటీ, లోపల కాంట్రాక్టర్. సభ్యులకు నెలకింత ముట్టజెప్పి లైసెన్సు తన గుప్పిట్లో పెట్టుకున్న పెత్తందారు చెట్టు లేని చోట కల్లు పుట్టిస్తాడు. చావులు జరిగినప్పుడు పేపర్లో పడేది మాత్రం కల్లు పేరు, గౌడ కులం పేరు. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూసేశారు. 2014లో తెలంగాణ వచ్చాక మళ్లీ తెరిచారు. మూసినప్పుడు నిజంగా గీసేవాడు రోడ్డున పడ్డాడు. తెరిచినప్పుడు ఎక్కువ లాభం ఎవరికి పోయిందో చెప్పనక్కర్లేదు. మూయడం, తెరవడం రెండింటిలోనూ చెట్టుకూ సీసాకూ మధ్య ఉన్న దళారీని ముట్టుకోలేదు.

ఈ దళారీతో కొట్లాట మన నేలకు కొత్తది కాదు. నిజాం కాలంలో ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆధారం. కాంట్రాక్టర్ వేలం పాడుకుంటే గీసేవాడు కూలీ. చెట్టు మన పొలంలో ఉన్నా హక్కు సర్కారుది. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం సాయుధ పోరాటంలో ఉన్నా, 1952లో సూర్యాపేట నుంచి శాసనసభకు వెళ్లినా, గీత కార్మికుల సంఘం ఆయన వెంట నడిచింది. చెట్టు గీసేవాడిదే కావాలన్న డిమాండు ఈ గడ్డ మీద బలపడింది అలాంటి పోరాటాలతోనే. ఆయన 1996లో నల్లగొండ నుంచి రెండోసారి ఎంపీగా గెలిచిన ఎన్నిక మనవాళ్లు మరిచిపోరు. ఫ్లోరైడ్ గోస దేశానికి వినబడాలని జనం నామినేషన్లు వేస్తే 480 మంది అభ్యర్థులతో బ్యాలెట్ పుస్తకమంత అయ్యింది. నీళ్ల గోస మీద అంత కొట్లాడిన జిల్లాలో, నీళ్లు అడగకుండా బతికే తాడి చెట్టు గురించి మన సంఘాలు ఒక్క తీర్మానమైనా చేశాయా?

రైతు మిత్రులారా, ఇక్కడే మన బాధ్యత వస్తుంది. గీసేది గౌడన్న, కానీ చెట్టు నిలబడింది మన ఒడ్డు మీద. ట్రాక్టర్ తిరగడం లేదని, వరికోత మిషన్‌కు అడ్డమని, నీడ పడి పైరు గిడసబారుతోందని మనమే కొట్టించాం. కొన్ని చోట్ల ఇటుక బట్టీలకు మొద్దులు అమ్ముకున్నాం. రైతు వైపు నుంచీ న్యాయం ఉంది, కాదనను. తన భూమిలో చెట్టుకు అతనికి ముట్టే కిరాయి చాలా ఊళ్లలో చాయ ఖర్చులకు కూడా రాదు. నీడ నష్టం తనది, లాభం ఇంకొకరిది అయితే ఎవరు మాత్రం ఉంచుతారు? అందుకే రైతుకూ గీత కార్మికుడికీ మధ్య ఊరి స్థాయిలో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. చెట్టుకింత అని కాక దిగుబడిలో వాటా ఉండాలి. అప్పుడు గొడ్డలి దానంతటదే ఆగుతుంది. ముంజలు, గేగులు, ఈత చాపలు, చీపుర్లు, ఇంటి వాసాలు, ఇవన్నీ ఒకప్పుడు లెక్కలోకి వచ్చేవి. కరువు ఏడాది పత్తి పోయినా ఒడ్డు మీద తాడి పోలేదు.

నీరా గురించి కూడా రెండు మాటలు. పులియకముందు రసమే నీరా. తెలంగాణ ప్రభుత్వం 2019లో నీరా విధానం తెచ్చింది. అప్పటి ఎక్సైజ్ మంత్రి మన పాలమూరు ఎమ్మెల్యేనే. 2023 మేలో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. చూడడానికి బాగుంది. కానీ నీరా అంటే కేఫ్ కాదు, చల్లదనం. చెట్టు మీదనే శుభ్రమైన పాత్ర, మంచు పెట్టె, దించిన వెంటనే చల్లని వాహనం కావాలి. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి గెలకే మంచు పెట్టె కట్టి రసం పట్టే పద్ధతి తయారుచేసింది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి పరిశోధన కేంద్రంలో తాటి మీద ఏళ్లుగా పని జరుగుతోంది. మన మునుగోడు, దేవరకొండ, కల్వకుర్తి ఊళ్లలో గీసేవాడి దగ్గరికి ఆ మంచు పెట్టె రాకుండా నగరంలో ఎన్ని కేఫ్‌లు కడితే ఏం లాభం?

తాగుడును పెంచమని రైతు సంఘం చెప్పడమేంటని కొందరు ఆడబిడ్డలు నిలదీయొచ్చు. నిలదీయాలి కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం మనకు గౌరవమే. నేను పెంచమనడం లేదు. ఊరికి నాలుగు బెల్టు షాపులు పెట్టి రాత్రింబగళ్లు పోయిస్తున్నది కల్లు కాదు. చెట్టు నుంచి దించిన కల్లులో మత్తు పదార్థం బీరులో ఉన్నంతే. కుటుంబాలు కూలుతున్నది సర్కారు లైసెన్సు ఉన్న సీసాతో, కాంట్రాక్టర్ మందు కలిపిన సీసాతో. ఈ రెండింటి నుంచీ సర్కారుకో దళారీకో డబ్బు వస్తుంది. అచ్చమైన కల్లు నుంచి ఇద్దరికీ పెద్దగా రాదు. అందుకే దానికి దిక్కులేదు. తెలంగాణ వచ్చాక చెట్టు పన్ను రద్దు చేశారు, సంతోషం. 2021 నుంచి మద్యం దుకాణాల్లో గౌడలకు 15 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. కల్లు గీసేవాడికి మేలు చేయడమంటే అతన్ని విస్కీ అమ్మేవాడిగా మార్చడమా? లక్షల్లో లైసెన్సు ఫీజు కట్టగలిగే గౌడ మోకు పట్టుకుని తాడెక్కుతున్నాడా?

మిగతా రాష్ట్రాలు ఏం చేశాయో చూడండి. కేరళ 1969లోనే కల్లు కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసింది. గోవా తన ఫెనికి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది, ఆ తర్వాత రాష్ట్ర వారసత్వ పానీయంగా ప్రకటించుకుంది. అటు తమిళనాడు 1987 నుంచి కల్లును పూర్తిగా నిషేధించి, సర్కారు దుకాణాల్లో బ్రాందీ అమ్ముతోంది. అక్కడి రైతు సంఘాలు కల్లు దించే హక్కు కోసం ఇప్పటికీ కొట్లాడుతున్నాయి. మన సర్కారు ఏ దారిలో పోతుందో ఇంకా తేల్చుకోలేదు. సర్వాయి పాపన్న జయంతికి దండలు వేస్తుంది, మర్నాడు ఎక్సైజ్ కానిస్టేబుల్ వచ్చి లొట్టి తన్నిపోతాడు.

మహారాష్ట్ర ద్రాక్షకు ఇచ్చిన గౌరవమే మనమూ అడగాలి. కల్లు, నీరా, తాటి బెల్లం వ్యవసాయ ఉత్పత్తులుగా గుర్తింపు పొందాలి. గీత సొసైటీల వ్యవహారం పోలీసు చూపుతో కాక ఉద్యాన శాఖ చూపుతో నడవాలి. కల్తీ మీద మాత్రం ఎక్సైజ్ కర్ర గట్టిగానే ఉండాలి. ప్రతి సొసైటీకి ఈత, తాటి వనానికి 5 ఎకరాలు ఇవ్వాలన్న 560 జీవో కాగితం మీదే ఉంది. చెరువు శిఖాలు, వాగు ఒడ్లు కబ్జా కాకముందే ఆ భూములు గుర్తించాలి. హరితహారంలో ఈత మొక్కలు నాటామని లెక్కలు చెప్పారు. ఎన్ని బతికాయో గ్రామసభలో చూపమనాలి. ఈత గీతకు రావడానికి ఆరేడు ఏళ్లు పడుతుంది, తాడికి పదిహేను ఏళ్లు దాటుతుంది. ఈ చెట్లు ఎక్కేవాడు ఇప్పుడు బడిలో ఉన్నాడు. వాడు ఎక్కాలా వద్దా అన్నది వాడి ఇష్టం. కులం పేరు చెప్పి ఎక్కించొద్దు. కానీ రక్షణ, ఆదాయం, మర్యాద ఉంటే హైదరాబాద్‌లో డ్రైవర్ పనికంటే ఇదే మేలని అనుకునే పిల్లలు ఉంటారు.

వచ్చే నెల మండల సమావేశాలకు గీత కార్మిక సంఘం వాళ్లను పిలవాలని జిల్లా కమిటీల ముందు ప్రతిపాదన పెడుతున్నాను. వచ్చేటప్పుడు ప్రతి గ్రామ కమిటీ రెండు అంకెలు రాసుకురావాలి. మీ ఊళ్లో గీతకు వచ్చే చెట్లు ఎన్ని, మీ ఊరి దుకాణంలో రోజుకు అమ్ముడయ్యే సీసాలు ఎన్ని. మొదటి అంకె గౌడన్నను అడిగితే చెబుతాడు. రెండోదానికి ఒక సాయంత్రం దుకాణం ఎదురుగా వేప చెట్టు కింద కూర్చోవాలి, అంతే.